హెపాటోసెల్యులర్: ఆ వెనకే వచ్చే మాట

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు విషయం కోసం ఎక్కువ వెతుక్కోలేదు. ఆయన జీవితంలో కాలేయం అడుగడుగునా కనిపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి రోజురోజుకీ ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. 1926లో అదే నగరంలో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు ఒక సంగతి చూపించారు. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతతో ఉన్నవారికి రోజూ కార్జం తినిపిస్తే కోలుకుంటున్నారు. ఇంతకీ కార్జంలో ఏముంది? ఆ ప్రశ్న వెంట పడినవారిలో సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డ్‌లో ఉండగా కాలేయ సారాన్ని శుద్ధి చేసే పనిలో దిగారు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లాక, ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ మీద పనిచేసి, 1945లో దాని కృత్రిమ తయారీని ప్రకటించింది. సోదరులను మింగిన స్ప్రూకి అలా ఒక మందు దొరికింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే రసాయనాలనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బును కొంతకాలమైనా వెనక్కి నెట్టగలిగారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. రెండు నెలలకే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావుగారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ వారానికి ఒక్కసారి వేసుకునే మాత్రగా ఇవాళ అది మన చిన్న పట్టణాల మందుల షాపుల్లో కూడా దొరుకుతోంది. (వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడ ఈ మందు మాట వచ్చినా ఇది చెప్పకుండా ముందుకు పోకూడదు.) దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఆయన బృందం నుంచి వచ్చిన రెండు పదార్థాలు ఒకే చీటీ మీద పక్కపక్కన ఉంటాయి. ఈ మందు వాడుతున్నవారికి కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేస్తారు. అది కాలేయ కణాలను దెబ్బతీసే అవకాశం ఉంది కాబట్టి. అలా దెబ్బ తగిలినప్పుడు డాక్టరు చీటీలోనో, బయాప్సీ నివేదికలోనో కనిపించే మాట ‘హెపాటోసెల్యులర్’. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

నేను పాథాలజిస్టును. రోగి ముఖం చూడకుండా రోగి గురించి రాసే వృత్తి మాది. మేం రాసిన మాట మా గది దాటి వార్డుకు పోతుంది. అక్కడి నుంచి ఫైల్లోకి, ఫైల్లోంచి ఫోన్లోకి, ఇప్పుడైతే డాక్టరు చూడకముందే రోగి కూతురి ఫోన్లోకి వెళ్తోంది. ఆ అమ్మాయి అందులో అర్థం కాని మాటను వెతుకుతుంది. ‘హెపాటోసెల్యులర్’ అని కొడితే కాసేపట్లోనే ‘కార్సినోమా’ ఎదురవుతుంది, అంటే క్యాన్సర్. ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం దిగదు. మర్నాడు ఆస్పత్రిలో తెలిసేది ఏమిటంటే, ఒక మాత్ర వల్ల కాలేయ కణాలు కాస్త వాచాయి, మాత్ర ఆపితే కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తాయి. దీనికి ఎదురు సంగతి కూడా జరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. పెద్ద ముప్పును సూచిస్తూ అదే మాట రాస్తే, ‘ఏదో లివర్ కణాలట’ అని మడిచి బీరువాలో పెట్టేస్తారు.

మాట అర్థం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. గ్రీకులో ‘హెపార్’ అంటే కాలేయం. ‘సెల్యులర్’ అంటే కణాలకు చెందినది. రెండూ కలిపితే ‘కాలేయ కణాలకు సంబంధించిన’ అని, అంతే. అది విశేషణం. ఒంటరిగా దానికి మంచీ లేదు, చెడూ లేదు. మనకు ఇంటిపేరు ఎలాంటిదో వైద్యంలో ఈ మాట అలాంటిది. ఏ ఇంటివాడో చెబుతుంది, ఎలాంటివాడో చెప్పదు. వెనకాల వచ్చే మాట చూడాలి. హెపాటోసెల్యులర్ ఇంజురీ అంటే కాలేయ కణాలకు దెబ్బ. హెపాటోసెల్యులర్ జాండిస్ అంటే ఆ కణాలు దెబ్బతిన్నందువల్ల వచ్చిన కామెర్లు. హెపాటోసెల్యులర్ బెలూనింగ్ అంటే కొవ్వు పట్టిన కాలేయంలో కణాలు ఉబ్బి, లోపల వెలిసిపోయినట్టు కనబడటం. హెపాటోసెల్యులర్ ఎడినోమా అంటే క్యాన్సర్ కాని గడ్డ. హెపాటోసెల్యులర్ కార్సినోమా అంటే క్యాన్సర్. ఈ ఐదింటికీ ఇంటిపేరు ఒక్కటే. వాటి గతులు మాత్రం ఎంత దూరదూరంగా ఉన్నాయో చూడండి.

ఆ కణం ఎలా ఉంటుందో చెప్పాలని ఉంది. ఎన్ని వేల స్లైడ్లు చూసినా నాకు విసుగు పుట్టని కణం అది. పెద్దవాళ్లలో కాలేయం కిలోంబావు నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం దానిలోంచి పారుతుంది. అందులో ముప్పాతిక వంతు పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చేది, మిగిలిన పాతిక ధమని తెచ్చేది. సూక్ష్మదర్శినిలో చూస్తే, గులాబీ రంగులో, పలుకోణాలుగా, నడుమ గుండ్రటి కేంద్రకంతో ఉంటుంది కాలేయ కణం. చాలా కణాల్లో కేంద్రకాలు రెండేసి ఉంటాయి. కణాలన్నీ ఒక్క కణం మందంతో వరసలు కట్టి నిలబడతాయి. వరసకు రెండు పక్కలా రక్తం పారే సన్నని సందులుంటాయి. అంటే ప్రతి కణమూ రక్తానికి ఎదురుగా ఉండేలా అమర్చి ఉంది. రక్తంలోని ఆల్బుమిన్‌ను తయారుచేసేది ఈ కణమే. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. అమోనియాను యూరియాగా మార్చి పంపేదీ, చక్కెరను దాచి అవసరమైనప్పుడు విడుదల చేసేదీ, మనం మింగే మాత్రల్లో చాలావాటిని విడగొట్టేదీ ఇదే. మరో వైపు, కణానికీ కణానికీ మధ్యనున్న సన్నని కాలువలోకి పైత్యరసాన్ని వదులుతుంది.

ఈ కణాలన్నీ ఒకే పని ఒకే మోతాదులో చేయవు. రక్తం లోపలికి వచ్చే చోట ఉన్నవాటికి ప్రాణవాయువు దండిగా అందుతుంది. రక్తం బయటికి పోయే కేంద్ర సిర చుట్టూ ఉన్నవాటికి తక్కువ అందుతుంది. కానీ మందులను విడగొట్టే ఎంజైములు ఈ రెండో గుంపులోనే ఎక్కువ. అందుకే పారాసిటమాల్ మోతాదు మించి మింగితే ముందు చచ్చేవి కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలు. మందు విరిగి పుట్టిన విషపు తునకను అదుపు చేసే గ్లూటాథయోన్ అక్కడ అయిపోతుంది. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల మందు పేస్టు కడుపులోకి పోతే దెబ్బ మొదలయ్యేది అవతలి కొసన, రక్తం లోపలికి వచ్చే చోట. (ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఆ పేస్టు పిల్లవాడి నోట్లోకి పోతే, మొదటి రెండు రోజులు బాగానే ఆడుకుంటున్నట్టు కనిపించవచ్చు. ఆ ఆటను నమ్మి ఇంట్లో ఉండిపోకండి. వెంటనే పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లండి.) రెండూ హెపాటోసెల్యులర్ దెబ్బలే. ఎక్కడ మొదలైందో చూసి, ఏది కొట్టిందో ఊహించగలం.

బయాప్సీ చేయకుండా, మామూలు రక్తపరీక్షతోనే ‘ఇది హెపాటోసెల్యులర్ దెబ్బ’ అని డాక్టర్లు ఎలా అంటారు? 1950ల మధ్యలో న్యూయార్క్‌లో కార్మెన్, లాడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ అనేవారు కణాల లోపల ఉండవలసిన రెండు ఎంజైములను రక్తంలో కొలిచే పద్ధతిని ఆచరణలోకి తెచ్చారు. మన ల్యాబుల్లో నేటికీ ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అని అచ్చు వేసేవి అవే. కొత్త పేర్లు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ. కాలేయ కణం పొర చెడితే ఇవి రక్తంలోకి కారతాయి. కణాలు బాగానే ఉండి, పైత్యరసం పారే దారి మూసుకుపోతే ఎక్కువగా పెరిగేది వేరొకటి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. పిత్తాశయం నుంచి జారిన రాయి నాళంలో ఇరుక్కోవడం అందుకు మామూలు ఉదాహరణ.

1989లో ప్యారిస్‌లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని దీనికి ఒక లెక్క కట్టారు. రోగి ఏఎల్‌టీ మామూలు గరిష్ఠానికి ఎన్ని రెట్లుందో చూడాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాని గరిష్ఠానికి ఎన్ని రెట్లుందో చూడాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఐదు, అంతకు మించి వస్తే హెపాటోసెల్యులర్. రెండు, అంతకు తగ్గితే కొలెస్టాటిక్, అంటే పైత్యరసం నిలిచిపోయిన దెబ్బ. మధ్యలో ఉంటే మిశ్రమం. ఒకరి ఏఎల్‌టీ 400, గరిష్ఠం 40 అనుకుందాం, పది రెట్లు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 180, గరిష్ఠం 120 అనుకుందాం, ఒకటిన్నర రెట్లు. భాగిస్తే ఆరున్నర దాటుతుంది. ఇది హెపాటోసెల్యులర్. ఈ లెక్కతో డాక్టరు వెతుకులాట ఒక దారిన పడుతుంది. రాయి కోసం, గడ్డ కోసం నాళాలు వెతకడానికి ముందు వైరస్ పరీక్షలు చేయిస్తారు. ఏయే మందులు వాడారని అడుగుతారు. మద్యం సంగతి అడుగుతారు. ఈ వాడుకలో హెపాటోసెల్యులర్ అన్నది జబ్బు పేరు కాదు, జబ్బును ఎటు వెతకాలో చెప్పే సూచన. ఎక్కువమంది రోగులు చదివేది ఈ అర్థంలో రాసిన మాటనే. వారికి ఎవరూ విడమరచి చెప్పనిదీ ఇదే.

ఆ సూచనకు ఒక్కోసారి ప్రాణం విలువ ఉంటుంది. అమెరికాలో హైమన్ జిమ్మర్‌మన్ అనే వైద్యుడు మందుల వల్ల కాలేయానికి జరిగే కీడు మీద జీవితాంతం పనిచేశారు. ఆయన గమనించినది ఇది. మందు వల్ల పైత్యరసం నిలిచి కామెర్లు వస్తే మనిషి చాలావరకు కోలుకుంటాడు. మందు కాలేయ కణాలనే కొట్టి, దాంతో కామెర్లు కూడా వస్తే, పదిమందిలో ఒకరో అంతకంటే ఎక్కువమందో చనిపోతారు, లేదా కాలేయ మార్పిడి దాకా వెళ్తారు. ఆయన పేరు మీదుగా దీన్ని ‘హైస్ లా’ అంటున్నారు. ఏఎల్‌టీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటి, కామెర్ల పసుపు రంగుకు కారణమైన బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెద్దగా పెరగకపోతే, వేరే కారణం ఏదీ కనబడకపోతే, ఆ మందును అనుమానించాలి. కొత్త మందుల పరీక్షల్లో ఇలాంటి రోగులు ఒకరిద్దరు కనిపించినా ఔషధ నియంత్రణ సంస్థలు ఉలిక్కిపడతాయి.

ఇది అమెరికా మందుల గొడవ అనుకోకండి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలో ఉన్నారు. క్షయకు మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో మూడు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్) కాలేయ కణాలను దెబ్బతీయగలవు. మన దేశంలో మందుల వల్ల కలిగే కాలేయ హానికి క్షయ మందులే ముఖ్య కారణం. అయితే ఆ మందులు లేకుండా క్షయ తగ్గదు. అందుకని రోగికి మొదటి రోజే, అతని మాటల్లో చెప్పవలసినవి ఉన్నాయి. అన్నం సయించకపోయినా, ఓకరింపులు వచ్చినా, కుడి డొక్కలో బరువుగా ఉన్నా, ఒంట్లో ఏమీ లేనట్టు నీరసం కమ్మినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కళ్లు పచ్చబడే దాకా ఆగకుండా రావాలి. లక్షణాలుంటే ఏఎల్‌టీ మూడు రెట్లు దాటినప్పుడు, లక్షణాలు లేకపోయినా ఐదు రెట్లు దాటినప్పుడు ఆ మందులు ఆపుతారు. కాలేయం తేరుకున్నాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. ఈ ఆపడం, మొదలుపెట్టడం రోగి సొంతంగా చేస్తే రెండు వైపులా ప్రమాదమే.

మన దగ్గర పల్లెల్లో కామెర్లంటే మొదట గుర్తొచ్చేది పసరు. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లలో నేను లేను. ఏ పసరు ఏ కామెర్లకు అన్న ప్రశ్న మాత్రం వదలను. హెపటైటిస్ ఏ వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఏ మందు వేసినా, ఏదీ వేయకపోయినా తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. నేల ఉసిరి మీద నిజమైన పరిశోధన జరిగింది. 1988లో మద్రాసు శాస్త్రవేత్తలు, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బ్లంబర్గ్‌తో కలిసి, ఆ మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తం నుంచి వైరస్ గుర్తు మాయమైందని ‘లాన్సెట్’లో రాశారు. ఎంత ఆశ కలిగించిన ఫలితమో! తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. ఒక మొక్కను గౌరవించడమంటే ఇలా పరీక్షకు పెట్టడమే అని నా నమ్మకం. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని ఇళ్లలో తిప్పతీగ కషాయాలు కాచారు. కొందరిలో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నట్టు మన దేశపు వైద్యులే నమోదు చేశారు. ఆ దెబ్బ ఎక్కువగా హెపాటోసెల్యులర్ తరహాదే. ‘ఆకే కదా’ అని డాక్టరుకు చెప్పకుండా దాచకండి. మీరు తాగిన ప్రతిదీ మీ కాలేయ కణం ముందుకు వెళ్తుంది.

నీళ్ల సంగతి కూడా ఇందులోదే. 1955 డిసెంబరు నుంచి 1956 జనవరి దాకా ఢిల్లీలో సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. యమున నీటిలో మురుగు కలిసింది. అప్పట్లో అది మామూలు హెపటైటిస్ అనుకున్నారు. దశాబ్దాల తర్వాత, దాచి ఉంచిన రక్తపు నమూనాలు పరీక్షించి, అది హెపటైటిస్ ఇ అని తేల్చారు. ఈ వైరస్ గర్భిణుల మీద, ముఖ్యంగా చివరి నెలల్లో, ఎంతో కర్కశంగా విరుచుకుపడుతుంది. వానాకాలం మొదట్లో ఊళ్లో కామెర్లు వరసగా కనబడితే పంచాయతీవాళ్లు పైపులైను తవ్వి చూడాలి.

గింజ నుంచి వచ్చిన దెబ్బ మరొకటి. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు మొక్కజొన్న తడిసి బూజు పట్టింది. తినడానికి వేరే గింజ లేదు. కామెర్లు, కడుపులో నీరు. దాదాపు 400 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. అదే మొక్కజొన్న తిన్న కుక్కలూ చనిపోయాయి. ఈ దర్యాప్తు చేసి, కారణం బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ అని చెప్పినవారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. అఫ్లటాక్సిన్ ఎక్కువ మోతాదులో పడితే కాలేయ కణాలు వెంటనే చస్తాయి. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పోతే, కణం కేంద్రకంలోని డీఎన్‌ఏను మార్చి క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఆ విషాన్ని 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాక గుర్తించారు. వాటికి పెట్టినది వేరుశనగ పిండి. వేరుశనగ పండించే అనంతపురం రైతు బిడ్డలకు ఇది దూరపు కబురు కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశనగలో అఫ్లటాక్సిన్ తగ్గించడం మీద ఏళ్లుగా పనిచేస్తోంది. కాయను బాగా ఎండబెట్టి, తడి తగలకుండా నిల్వ చేయడం కూడా కాలేయ వైద్యంలో భాగమే.

అంకెల విషయంలో ఒక అపోహ ఉంది. అది ప్రాణాలు తీస్తోంది గనుక కాస్త ఆగి చెబుతాను. ఎస్‌జీపీటీ ఎంత ఎక్కువుంటే జబ్బు అంత పెద్దదని జనం అనుకుంటారు. కాదు. హెపటైటిస్ ఏ వచ్చిన కుర్రవాడి ఎస్‌జీపీటీ రెండు వేలు దాటవచ్చు. నెలన్నరలో అతను క్రికెట్ ఆడుతుంటాడు. ఏళ్ల తరబడి మద్యం తాగి, కాలేయం మచ్చలు కట్టి సిరోసిస్ వచ్చిన వ్యక్తి ఎస్‌జీపీటీ 35 ఉండవచ్చు. రిపోర్టులో దాని పక్కన ఎర్ర గుర్తు ఉండదు, కానీ అతని కాలేయంలో కారడానికి మిగిలిన కణాలే తక్కువ. ఇంకా మోసగించేది ఒకటుంది. తీవ్రమైన కాలేయ వైఫల్యంలో ఎస్‌జీపీటీ నాలుగు వేల నుంచి మూడు రోజుల్లో మూడు వందలకు పడిపోతుంది. ‘తగ్గుతోంది’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అదే సమయంలో రక్తం గడ్డకట్టే పరీక్ష ఐఎన్‌ఆర్ పెరుగుతుంటే, బిలిరుబిన్ ఎక్కుతుంటే, మనిషి మగతగా, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఆ తగ్గుదలకు అర్థం కణాలు కోలుకోవడం కాదు, కణాలు అయిపోవడం. ఎస్‌జీపీటీ జరిగిన నష్టాన్ని చూపిస్తుంది. మిగిలిన శక్తి ఎంతో చెప్పేవి ఐఎన్‌ఆర్, ఆల్బుమిన్, బిలిరుబిన్. వైద్య విద్యార్థులారా, ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్షలు) రాసిన ప్రతిసారీ ఐఎన్‌ఆర్ కూడా కావాలా అని ఒక్క క్షణం ఆలోచించండి. ఇంకో సంగతి. ఈ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి. కొత్తగా జిమ్‌లో చేరి ఒళ్లు హూనం చేసుకున్న కుర్రవాడికి ఎస్‌జీఓటీ పెరిగితే కాలేయాన్ని నిందించే ముందు కండరాల ఎంజైము సీపీకే చూడాలి.

ఇక గడ్డలు. ఎడినోమా గురించి క్లుప్తంగా చెబుతాను. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఇది కనబడుతుందని 1973లో గుర్తించారు. కండలు పెంచే స్టెరాయిడ్లు వాడే మగవాళ్లలోనూ వస్తుంది. మాత్రలు ఆపితే చాలావరకు కుంచించుకుపోతుంది. ఐదు సెంటీమీటర్లు దాటితే రక్తస్రావం భయం వల్లా, కొన్ని రకాలు క్యాన్సర్‌గా మారవచ్చు కాబట్టీ శస్త్రచికిత్స ఆలోచిస్తారు.

కార్సినోమా దగ్గర మాత్రం తొందరపడలేను. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా హెపాటోసెల్యులర్ కార్సినోమానే. పాత పుస్తకాల్లో దీన్ని హెపటోమా అనేవారు. ఆ పేరు వింటే మామూలు గడ్డలా అనిపిస్తుంది. నేను ఆ మాట రాయను, మా పిల్లలను రాయనివ్వను. స్లైడులో దీని గుర్తు ఏమిటంటే, ఒక్క కణం మందంగా ఉండవలసిన వరసలు మూడు, నాలుగు, పది కణాల మందం అవుతాయి. వరసలకు ఊతమిచ్చే సన్నని రెటిక్యులిన్ పోగులను వెండి రంగుతో చూస్తాం. అవి తెగిపోయి, మాయమై ఉంటాయి. చాలామంది రోగుల్లో మా దాకా రావలసిన పని కూడా ఉండదు. సిరోసిస్ ఉన్న కాలేయంలో గడ్డ కనబడితే, మూడు దశల సీటీతోనే నిర్ధారిస్తారు. మామూలు కాలేయం ముప్పాతిక రక్తం పోర్టల్ సిర నుంచి తీసుకుంటుంది. క్యాన్సర్ గడ్డ ధమని మీద బతుకుతుంది. అందుకని రంగుమందు ఎక్కించగానే, ధమని దశలో గడ్డ వెలుగుతుంది. తర్వాతి దశలో చుట్టూ కాలేయం వెలుగుతుంటే అది మాసిపోతుంది. రేడియాలజిస్టు ‘వాషవుట్’ అని రాసేది దీన్నే.

ఈ క్యాన్సర్ ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో అరుదుగా పుడుతుంది. ముందు హెపటైటిస్ బి, సి, మద్యం, కొవ్వు, వీటిలో ఏదో ఒకటి ఏళ్లకేళ్లు కణాలను చంపుతూ, కణాలు మళ్లీ పుడుతూ, మచ్చలు కడుతూ సిరోసిస్ వస్తుంది. హెపటైటిస్ బి అయితే సిరోసిస్ రాకుండానే క్యాన్సర్ తేగలదు. అంటే మనకు గడువు ఉంటుంది. సిరోసిస్ ఉందని తెలిసినవారు ఆరు నెలలకోసారి కాలేయ స్కానింగ్ చేయించుకుంటే, గడ్డను చిన్నప్పుడే పట్టుకోవచ్చు. రెండు సెంటీమీటర్ల గడ్డకు ఉన్న దారులు పది సెంటీమీటర్ల గడ్డకు ఉండవు. కడుపునొప్పితో వచ్చి మొదటి స్కానింగ్‌లోనే పది సెంటీమీటర్లు అని తేలినవారి రిపోర్టులు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, రోగి మీద కాదు. అంతకు ముందు ఏళ్లలో వారికి హెపటైటిస్ బి ఉందని ఏ రక్తదాన శిబిరంలోనో, ఏ కంటి ఆపరేషన్ ముందో ఎవరో పరీక్ష చేసి ఉంటారు. ‘పాజిటివ్’ అని రాసి ఉంటారు. దాని అర్థం చెప్పి ఉండరు.

ఇది ఆపగలిగిన క్యాన్సర్. బ్లంబర్గ్ హెపటైటిస్ బి వైరస్ గుర్తును 1960ల మధ్యలో కనుగొన్నారు, 1976లో నోబెల్ అందుకున్నారు. 1984లో తైవాన్ పుట్టిన బిడ్డలకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టింది. 1997లో వచ్చిన లెక్కలు చూస్తే, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. టీకాతో ఒక క్యాన్సర్ తగ్గిందని లోకం మొదటిసారి చూసింది. అదే 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డిగారు నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్, మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను విడుదల చేసింది. దిగుమతి టీకా అందని ఇళ్లకు టీకా అందింది. ప్రభుత్వ కార్యక్రమంలో అది 2002-03లో కొన్ని చోట్ల మొదలై, 2011లో దేశమంతటికీ విస్తరించింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లో ఒక డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు ఐదు టీకాల కలగలుపులో మిగతావి ఇస్తున్నారు. ఆ మొదటి 24 గంటలు అన్నిటికంటే ముఖ్యం. తల్లి నుంచి బిడ్డకు వైరస్ దాటేది ఎక్కువగా కాన్పు సమయంలోనే. పుట్టుకలో వైరస్ సోకిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దవయసులో సోకితే చాలామంది దాన్ని వదిలించుకుంటారు. ఆదివారం కాన్పు అయిందని, నర్సమ్మ సెలవులో ఉందని ఆ డోసు సోమవారానికి, మంగళవారానికి జరపకండి.

వృత్తిలో ఉన్నవారికి నా విన్నపం చెప్పి ముగిస్తాను. మనం రాసే ‘హెపాటోసెల్యులర్’ను మార్చనక్కర్లేదు. అంతర్జాతీయంగా అందరికీ అర్థమయ్యే మాట అది, ఉండనివ్వండి. దాని కింద తెలుగులో మూడు వాక్యాలు చేర్చండి. నేను కొంతకాలంగా చేర్చుతున్నవి ఇలా ఉంటాయి: ‘ఈ ముక్కలో కాలేయ కణాలు మందు వల్ల దెబ్బతిన్నట్టున్నాయి. క్యాన్సర్ కనబడలేదు. ఏ మందు ఆపాలో మీ డాక్టరు చెబుతారు, మీరుగా ఆపకండి.’ లేదా: ‘ఇది కాలేయంలో పుట్టిన క్యాన్సర్. ఈ వారంలోనే కాలేయ నిపుణులను కలవండి. ఇంట్లోవాళ్లందరికీ హెపటైటిస్ బి పరీక్ష చేయించండి.’ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు పడవని ల్యాబువాళ్లు అంటే చేత్తో రాయండి. రాసే సమయం లేదంటే, కవరు ఇచ్చే కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయికి ఆ మూడు వాక్యాలు నేర్పండి.